ఆగస్టువి కాని ఆల్చిప్పలు

ఆగస్టు అని రాసి నేను పంపిన సంచిలో ఉన్న ఆల్చిప్పలు ఆగస్టువి కావు. జనవరివి. ఈ మాట చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. చెప్పాల్సిన మనిషికి చెప్పేశాను కాబట్టి ఆ కథ అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. కానీ ఈమధ్య మస్కట్‌లో మన తెలుగువాళ్ళు వేసిన ప్రత్యేక సంచికలో నా ఫొటో పెట్టి, "ఎండనక వాననక నెలనెలా సముద్రంలో దిగి పరిశోధనకు చేయందించిన సోదరుడు" అని రాశారు. వాన సంగతి వదిలేయండి, ఇక్కడ వాన పడితేనే అదొక వార్త. ఎండనక అన్నది మాత్రం అబద్ధం. సరిగ్గా ఎండ మండిపోయే నెలలోనే నేను సముద్రంలో దిగి చెయ్యి పెట్టలేదు. అబద్ధం అచ్చయింది, అదీ నా ఫొటో కింద. నిజం కూడా అచ్చులో ఉండాలని ఇది రాస్తున్నాను.

మాది జగిత్యాల పక్కన పల్లె. మేస్త్రీ పనికి ఒమాన్ వచ్చాను. బహ్లాలో ఇళ్ళు కట్టాను. సోహార్‌లో కంపెనీ బస్సెక్కి ప్లాంటు పనికి పోయాను. నడుము పట్టేశాక లైసెన్సు తీసుకుని డ్రైవర్నయ్యాను. అలా తిరిగి తిరిగి ఖురియాత్ దాటాక సముద్రపు ఒడ్డునున్న ఒక చిన్న ఊళ్ళో తేలాను. అక్కడ తవ్వకాలు చేసే బృందానికి బండి నడపడం, వాళ్ళ సామాను గది చూసుకోవడం నా డ్యూటీ. తవ్వకాలంటే నిధి నిక్షేపాలనుకుని చేరిన కొత్తలో ఇంటికి ఫోన్ చేసి గొప్పలు పోయాను. తీరా చూస్తే వాళ్ళు తవ్వేది చెత్తకుప్ప. వేల ఏళ్ళ కిందట ఎవరో ఆ ఒడ్డున కూర్చుని, ఆల్చిప్పలు తిని, చిప్పలు పారేసి పోయారు. అవి గుట్ట అయ్యాయి. ఆ గుట్టను వీళ్ళు చిన్న చిన్న కుంచెలతో, పసిపిల్లకు నలుగు పెట్టినట్టు తుడుస్తున్నారు.

"పెంటకుప్ప తవ్వనీకి గంత దూరం వోవాల్నా? మనింటెనుక లేదా ఏంది?" అంది నా భార్య.

ఆ గుట్ట మీద పనిచేసే మేడం మన తెలుగావిడే. బందరు వైపు. మస్కట్‌లో ఒక యూనివర్సిటీలో పాఠాలు చెబుతారు. మా ఇద్దరిదీ దాదాపు ఒకే వయసు. మోకాళ్ళ నొప్పులున్నా గుట్ట మీదికి నాకంటే ముందే ఎక్కేవారు. ఆవిడ నవ్వితే పక్క గుడారంలో వాళ్ళు కూడా ఏమైందని అడిగేవారు. నన్ను "అన్నగారూ" అని పిలిచేవారు. నేను ఆవిడ ముందు మా ఊరి మాట దాచి, వార్తలు చదివేవాళ్ళ భాష తెచ్చిపెట్టుకునేవాణ్ణి. అరగంట దాటితే ఆ భాషకు ఊపిరాడేది కాదు.

ఆ గుట్టతో ఆవిడకేం పనో మస్కట్ నుంచి సైట్‌కు వచ్చే దారిలో, బండిలోనే చెప్పారు.

"చిప్ప పెరిగేది అంచు దగ్గరండీ. మీరు గోడకి పూత వేస్తారే, అలా పూత మీద పూత. సముద్రం నీళ్ళలో ఆక్సిజన్ రెండు రకాలుంటుంది. ఒకటి తేలిక, ఒకటి బరువు. నీళ్ళు చల్లగా ఉన్నప్పుడు చిప్ప ఆ బరువైనదాన్ని కాస్త ఎక్కువ పట్టుకుంటుంది. నీళ్ళు వేడెక్కితే తక్కువ పట్టుకుంటుంది. చిట్టచివరి అంచుని సన్నగా గీకి ఆ పొడి మెషీన్లో పెట్టామనుకోండి, దాన్ని నీళ్ళలోంచి తీసినప్పుడు సముద్రం చల్లగా ఉందో వేడిగా ఉందో తెలిసిపోతుంది."

"అంటే ఎప్పుడు చచ్చిందో అదే చెప్తుందా మేడం?"

"చెబుతుంది. తారీఖు కాదు, కాలం. చలికాలమా, ఎండాకాలమా అని."

"మనుషులక్కూడా ఇట్లాంటిది ఉంటే పోలీసులకు పని తప్పేది."

ఆవిడ నవ్వారు. నా మాటకు ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. ఆ సంతోషంలో తర్వాత చెప్పినవి సగమే విన్నాను. ఆ వినని సగమే తర్వాత నా కొంప ముంచింది.

ఆవిడ లెక్క ఇదీ. గుట్టలోని పాత చిప్పల అంచులు దాదాపు అన్నీ చల్లటి నీళ్ళనే చూపిస్తున్నాయి. అంటే ఆ పాతకాలం వాళ్ళు చలికాలంలోనే ఈ ఒడ్డుకొచ్చి వీటిని ఏరుకుని తిన్నారు. ఎండాకాలం ఇంకెటో పోయారు. పోనీ ఇక్కడే ఉన్నా ఆల్చిప్పల జోలికి పోలేదు. ఎందుకు పోలేదన్నది ఆవిడను కుదురుగా కూర్చోనివ్వని ప్రశ్న. ఎండకు తాళలేకనా, గాలి ఎక్కువై సముద్రంలో దిగలేకనా, ఆ కాలంలో అవి ఒంటికి పడకనా అని తనలో తనే వాదించుకునేవారు. అయితే అంతకన్నా ముందు ఒకటి నిరూపించాలి. ఈ ఒడ్డున ఎండాకాలంలో తీసిన చిప్ప అంచు నిజంగా వేడి నీళ్ళనే చూపిస్తుందని తేలాలి. అందుకు ఇప్పటి ఆల్చిప్పలు కావాలి. నెలనెలా ఒకే చోట, ప్రాణంతో ఉన్నవాటిని తీసి, ఆ రోజు నీళ్ళెంత వేడిగా ఉన్నాయో కొలిచి, ఏ నెలవి ఆ నెల సంచిలో వేసి పంపాలి. ఎండాకాలంలో తవ్వకాలుండవు, బృందమంతా వెళ్ళిపోతుంది. ఒడ్డున మిగిలేది నేనొక్కణ్ణే.

"ప్రాణంతో ఉన్నవాటిని చంపాలండీ. మీకేమీ పట్టింపులు లేవు కదా?" అని అడిగారు.

"నాకా? నాకేం పట్టింపులు లేవు మేడం" అన్నాను ఛాతీ విరిచి.

శనివారం గడ్డం గీయను. మంగళవారం కొత్త పని మొదలుపెట్టను. ఎవరైనా తుమ్మితే ఎక్కిన బండి దిగి మంచినీళ్ళు తాగి మళ్ళీ ఎక్కుతాను. ఇవన్నీ తెలిసే ఆ మాటన్నాను. అంత చదువుకున్న మనిషి అడిగితే, ఉన్నాయండీ అని ఎట్లా అంటాం?

మా రూమ్‌లో నాతోపాటు ఉండేది కాకినాడ వైపు మనిషి. ఊళ్ళో ఆసుపత్రిలో వార్డు డ్యూటీ. సెలవని శుక్రవారం శుక్రవారం మస్కట్‌లో చర్చికి ప్రార్థనకు పోయొస్తాడు, మిగతా రోజులు నన్ను ఆటపట్టిస్తాడు. నేను మొదటిసారి బకెట్‌తో వచ్చిన రోజు అతని మొహం చూడాలి.

"అబ్బో, గురువుగారు ఏటకెళ్ళారండోయ్!"

"ఏట గాదు. ఆఫీస్ పని. గవ్వలు తెచ్చిన."

"గవ్వలు కాదండి బాబూ, ఆల్చిప్పలండి ఇవి. గవ్వలతో ఆడుకుంటారు. వీటితో అన్నం తింటారు."

వేడినీళ్ళలో వేస్తే అవి నోళ్ళు తెరిచేవి. ఆ కాసేపు నేను కిటికీ వైపు తిరిగి నిలబడేవాణ్ణి. తర్వాత పంపకం తేలికే. చిప్పలు మేడంకి, లోపలి మాంసం అతనికి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి వేయించి గిన్నె నా ముందు కూడా పెట్టేవాడు.

"ఒక్కటి రుచి చూడండి గురువుగారూ."

"నువ్వు తిను. నాకు పప్పున్నది."

"మీలాంటోళ్ళు నలుగురుంటే సాలండి, సముద్రం నిండిపోయి ఒడ్డుకొచ్చేత్తది."

అట్లా నెలలు గడిచాయి. పని నాకు నచ్చింది కూడా. ఆటు వచ్చి నీళ్ళు వెనక్కి పోయాక, సముద్రపు పాయ మొదట్లో మోకాళ్ళ దాకా దిగి, కాళ్ళతో బురద తడిమితే అరికాలికి గట్టిగా తగిలేవి. మా ఊళ్ళో ఎండిపోయిన చెరువులో చేపలు పట్టిన చేతులకు ఆ పని కొత్తేమీ కాలేదు. జనవరిలో మేడం విద్యార్థుల్ని తీసుకొచ్చి సరదా కొద్దీ అందరితో ఏరించారు. అవసరానికి మించి వచ్చాయి. మా రూమ్మేట్ ఆ వారమంతా ఇంకేమీ వండలేదు. మిగిలిన చిప్పల్ని కడిగి ఆరబెట్టి, ఒక గోనె సంచిలో వేసి సామాను గది మూలన పెట్టాను.

ఆగస్టు వచ్చింది. నెల మొదట్లో ఎండకు బద్ధకించి, ఇంకా నెలంతా ఉంది కదా అనుకున్నాను. ఒక సాయంత్రం నా భార్య ఫోన్ చేసింది.

"ఏమయ్య, రేపటి సంది శ్రావణం. యాదికున్నదా?"

"ఉన్నది. నేనేడ నీసు తింటున్ననే? పప్పే గద."

"తినుడు ముచ్చట గాదు. పెద్దదానికి జరమొచ్చి దవఖానల వడ్డప్పుడు మొక్కిన. ఈ యేడు శ్రావణం ఇంటిల్లిపాది నిష్ఠగ పడ్తమని. తినుడు బంద్, సంపుడు గూడ బంద్. గా నత్తల బకీటు ముట్టకు."

"నత్తలు గాదు. ఆల్చిప్పలు."

"ఏదైతేంది, పానం లేదా దానికి?"

"డ్యూటీ గదనే."

"బిడ్డ పానం కంటె డ్యూటీ ఎక్కువనా నీకు?"

ఈ ప్రశ్నకు ఏ మగవాడూ ఇంతవరకూ జవాబు కనిపెట్టలేదు. సరేనన్నాను. భయపడి అన్నాననుకోకండి. పెద్దది ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో నేనిక్కడ ఫోన్ పట్టుకుని కూర్చోవడం తప్ప ఏమీ చేయలేకపోయాను. ఇప్పుడు చేయగలిగింది ఇదొక్కటుంటే ఎందుకు చేయను? ఆ ఏడాది శ్రావణం ఆగస్టు చివరిదాకా మింగేసింది. నెలలో నాకు ఖాళీ మిగల్లేదు.

మేడంకి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెబితే సరిపోయేది. పట్టింపులు లేవని కోసిన కోతలు గుర్తొచ్చి ఫోన్ పక్కన పెట్టాను. మా రూమ్మేట్‌ని అడిగినా సరిపోయేది. అతనికి శ్రావణం లేదు, పైగా అడిగితే గెంతుకుంటూ పోయేవాడు. కానీ అడిగితే నవ్వుతాడు. ఏడాది పొడుగునా ఆ నవ్వు ఆ రూమ్‌లోనే ఉంటుంది, నాతోపాటే. అందుకని అతన్నీ అడగలేదు. సామాను గదిలోకి పోయి, మూలనున్న గోనె సంచి విప్పి, గుప్పెడు జనవరి చిప్పలు తీసి, కొత్త సంచిలో వేసి, పైన ఆగస్టు అని రాశాను.

ఏ నెల చిప్పో దాని మొహం మీద రాసి ఉంటుందా అనుకున్నాను. నిజంగా అనుకున్నాను, అక్షరాలా ఇవే మాటలు. దాని మొహం మీద రాసి ఉంటుందనే కదా మేడం దారిపొడుగునా నాకు చెప్పింది!

ఒక్క విషయంలో మాత్రం నిజాయితీగా ఉన్నాను. థర్మామీటర్ పట్టుకుని సముద్రానికి పోయి, నీళ్ళలో ముంచి, వచ్చిన అంకె వచ్చినట్టు రాసిచ్చాను. నీళ్ళు కొలవడం జీవహింస కాదు కదా. ఆ నీళ్ళు నిజంగానే కాలుతున్నాయి. సగం అబద్ధం ఆడేవాడికి మిగతా సగం నిజమే ఎసరు పెడుతుందని నాకప్పుడు తెలియదు.

రూమ్‌లో మొదటి విచారణ ఆ వారమే జరిగింది.

"గురువుగారూ, ఈ నెల కూరేదండి?"

"ఈ నెల నీళ్ళు మంచిగ లేవు. తింటే కడుపు చెడ్తది."

"సంచీ అయితే కట్టేసినట్టున్నారు?"

"చిప్పలు మేడంకి వంపిన. మాంసం పారవోసిన."

"పారబోసేరా!" ఎవరో పోయారని విన్నంత బాధగా చూశాడు. "సర్లెండి. ఆసుపత్రోణ్ణి నేనే ఆసుపత్రిలో పడుకుంటే బాగోదు."

శీతాకాలంలో మేడం మస్కట్ నుంచి ఫోన్ చేశారు. గొంతులో నవ్వు లేదు.

"అన్నగారూ, ఆగస్టు చిప్పల అంచులు చల్లగా వస్తున్నాయండీ. చలికాలంలో వచ్చినంత చల్లగా. మీరు రాసిన వేడికీ వీటికీ పొంతనే లేదు. ఆ థర్మామీటర్ ఏమైనా కింద పడిందా?"

అప్పుడైనా చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"పడి ఉండొచ్చు మేడం" అన్నాను.

"అయ్యో, నేనే మీకు పాడైపోయింది ఇచ్చానన్నమాట. సారీ అండీ. దాన్ని పారేయండి."

పాపం ఆ థర్మామీటర్. దాని జీవితంలో ఒక్క తప్పు చదవలేదు. మేడం మాట మీద తీసుకుపోయి చెత్తలో వేశాను. వేస్తూ దాని వైపు చూడలేకపోయాను.

నా గుప్పెడు చిప్పలు ఏం చేశాయో నాకు నెమ్మదిగా అర్థమైంది. ఒమాన్‌లోనే అవతల, దక్షిణం వైపు ఒడ్డున, ఎండాకాలం గాలులకు అడుగు నీళ్ళు పైకొచ్చి సముద్రం చల్లబడుతుందట. థర్మామీటరే తప్పయితే మన పాయలో కూడా అట్లాగే జరుగుతోందేమో అని మేడం అనుకోవాల్సి వచ్చింది. అదే నిజమైతే చల్లటి అంచంటే చలికాలం అని చెప్పడానికి లేదు. ఆగస్టు కూడా కావచ్చు. వేల ఏళ్ళ కిందట మనుషులు ఇక్కడికి చలికాలంలోనే వచ్చారన్న ఆవిడ మాట మొత్తం కూలిపోతుంది. అంత పెద్ద గుట్టను నేను గుప్పెడు చిప్పలతో పడగొట్టాను. మేస్త్రీగా నేను కట్టినవేవీ అంత తేలిగ్గా పడలేదు.

ఎండలు ముదరకముందే మస్కట్‌లోని అల్ ఖువైర్‌లో ఒక ఆఫీసులో మీటింగు పెట్టారు. పని ఎంతవరకు వచ్చిందో పెద్దవాళ్ళ ముందు ఆవిడ చెప్పాలి. చిప్పల పెట్టెలు మోయడానికి నన్ను కూడా లోపలికి పిలిచారు. మోసి, వెనక వరసలో గోడవారగా ఒక కుర్చీలో కూర్చున్నాను. మాట్లాడేది ఇంగ్లిష్‌లోనే అయినా, ఇన్నేళ్ళ గల్ఫ్‌లో అర్థం చేసుకునేంత వచ్చేసింది.

మేడం దాచలేదు. ఆగస్టు చిప్పలు తన మాటకు ఎదురొస్తున్నాయని తనే ముందు చెప్పారు. ముందు వరసలో ఒక పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని, "సముద్రం మారలేదు, మీ సంచులు మారాయి. ఏరుకొచ్చినవాడే కలిపేసి ఉంటాడు. ఈ పనులు డ్రైవర్లకు అప్పగిస్తే ఇట్లాగే ఉంటుంది" అన్నారు. కొందరు నవ్వారు.

ఆయన చెప్పింది ముమ్మాటికీ నిజం. ఆ గదిలో అది నిజమని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

మేడం నవ్వలేదు. "ఏరిన మనిషిని నేను అనుమానించను. ఎంత ఎండలోనైనా ఒక్క నెలైనా తప్పకుండా వెళ్ళిన మనిషి ఆయన. కలిసిపోయి ఉంటే నా ల్యాబ్‌లో, నా చేతుల్లోనే కలిసి ఉంటాయి. తప్పు నాదని రాసుకోండి" అన్నారు. అని, తేలేదాకా చలికాలం మాటను వెనక్కి తీసుకుంటున్నానని చెప్పి కూర్చున్నారు.

నేను లేవలేదు. లేవడానికి వీలుగానే ఉంది. నా ముందు బల్ల కూడా లేదు. చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని, కాళ్ళ దగ్గరున్న పెట్టె మూత చూస్తూ కూర్చున్నాను.

తిరిగొచ్చేటప్పుడు దారిలో కరక్ చాయ్ కొట్టు దగ్గర ఆపమన్నారు. ఆవిడే దిగిపోయి రెండు కప్పులు తెచ్చి ఒకటి నా చేతికిచ్చారు. "ఆయన అన్న మాటలు మనసులో పెట్టుకోకండి అన్నగారూ" అన్నారు. ఆ చాయ్‌లో పంచదార వేశారో లేదో ఇప్పటికీ చెప్పలేను.

మళ్ళీ ఆగస్టు వచ్చింది, మళ్ళీ శ్రావణం. ఈసారి మేడం ఫోన్ చేసి, తనే వచ్చి స్వయంగా ఏరుకుంటానన్నారు. ఆ నెలలో ఆ ఒడ్డు ఎట్లా ఉంటుందో ఒమాన్‌లో ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. పొద్దున్నే బయలుదేరినా, ఒడ్డుకు చేరేసరికి బండి తలుపు చేత్తో ముట్టుకునేట్టు లేదు. మేడం టోపీ పెట్టుకుని, సల్వార్ మడిచి, మోకాలికి పట్టీ వేసుకుని దిగారు. నేను గొడుగు, బకెట్ పట్టుకుని వెనకే దిగాను. గొడుగు పట్టడం శ్రావణానికి విరుద్ధం కాదని నాకు నేనే తీర్మానించుకున్నాను.

"ముందు నీళ్ళు చూడండి" అని కొత్త థర్మామీటర్ ఇచ్చారు. ముంచి తీసి ఆవిడ చేతికే ఇచ్చేశాను. ఆవిడ చాలాసేపు దాన్నే చూశారు.

"పోయినేడు మీరు రాసిందీ దాదాపు ఇంతేనండీ."

నేను గొడుగు ఆవిడ వైపు ఇంకాస్త వంచాను.

"అంటే ఆ థర్మామీటర్ బాగానే ఉంది. నీళ్ళు చల్లబడలేదు." వంగి బురదలో చెయ్యి పెట్టి, ఒక ఆల్చిప్ప తీసి, తుడిచి, బకెట్‌లో వేశారు. నడుము ఎత్తడానికి నా భుజం పట్టుకోవాల్సి వచ్చింది. "అయితే నేనే కలిపేశానన్నమాట. ఏ రోజు, ఏ బల్ల మీద, ఎట్లా కలిపానో ఎంత ఆలోచించినా గుర్తుకు రావట్లేదు. అదే భయంగా ఉంది. కలిపింది నాకే తెలియకపోతే మిగతా నెలలవి మాత్రం నమ్మకమేంటి? ఇవి కూడా పంపేసి ఇక ఈ పని వేరేవాళ్ళకి అప్పగించేస్తానండీ. పెద్దదాన్నవుతున్నాను."

ఎండ సంగతో, సముద్రం సంగతో మాట్లాడినట్టే, మామూలుగా అన్నారు. గుట్ట మీదికి నాకంటే ముందు ఎక్కే మనిషి. నిద్రలో కూడా ఆవిడ చేతులు తప్పు చేయవు. ఆ చేతుల్ని ఆవిడే నమ్మకుండా చేశాను.

"అవి ఆగస్టువి కావు మేడం" అన్నాను.

"ఏవి?"

"పోయినేడు నేను పంపినవి. జనవరివి. పిల్లలతోని ఏరించినప్పుడు మిగిలినయి గోనె సంచిల ఉండె. అండ్లకెల్లి తీసి ఆగస్టు అని రాసిన."

దాచుకున్న మా ఊరి మాట దానంతట అదే బయటికొచ్చేసింది. మేడం టోపీ పైకి జరిపి నన్ను చూశారు. కోపమో ఏమిటో తెలియలేదు, ఎండకు ఆవిడ మొహం ముందే ఎర్రగా ఉంది.

"ఎందుకండీ?"

"శ్రావణం మేడం. మా ఇంట్ల మొక్కున్నది. పానం తీయొద్దని."

మేడం బురద చేతుల్ని నీళ్ళలో ముంచి కడుక్కున్నారు. తర్వాత ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. దూరంగా పడవ దగ్గర వల బాగుచేసుకుంటున్న ముసలాయన తలెత్తి చూసేంతగా నవ్వారు.

"ఈ గుట్టవాళ్ళు ఎండాకాలం ఎందుకు ఏరలేదా అని బుర్ర బద్దలు కొట్టుకుంటున్నానా! ఎండ అన్నాను, గాలి అన్నాను, ఒంటికి పడదన్నాను. ఎవరింట్లోనో ఎవరో వద్దన్నారని ఒక్కసారైనా అనుకోలేదండీ! బాగుంది, బాగుంది. ఇది ఏ మెషీనూ చెప్పలేదు." కళ్ళు తుడుచుకున్నారు. "కానీ ముందే చెబితే ఏం పోయింది? నేనే వచ్చేదాన్ని, లేదా ఎవరినైనా పంపేదాన్ని."

"నవ్వుతరనుకున్న."

"నవ్వేదాన్నే. ఇప్పుడు నవ్వట్లేదా? నవ్వితే ఏమైంది?"

ఏమీ కాలేదు. ఆ చిన్న సంగతి అర్థం కావడానికి నాకు రెండు శ్రావణాలు పట్టాయి.

తర్వాత జరిగినవి ఇక్కడే చెప్పేస్తాను. ఆ రోజు ఆవిడ చేత్తో తీసిన చిప్పల అంచులు వేడి నీళ్ళనే చూపించాయి. చలికాలం మాట మళ్ళీ నిలబడింది. ఆ పెద్దాయనకు మేడం ఉన్నది ఉన్నట్టు రాశారు, అందులో నా శ్రావణం కూడా ఉంది. ఇంటికి ఫోన్ చేసి చెబితే నా భార్య, "నేను మొక్కిన మొక్కుకు గంత పెద్ద సదువా?" అంది. మా రూమ్మేట్ అయితే నన్ను ఇంకా వదల్లేదు. "ఆ నెల నా కూరకి కూడా మీరు సమాధానం చెప్పాలండి" అంటూనే ఉన్నాడు.

కానీ ఒడ్డు మీద ఆ రోజు సంగతి ఇంకా పూర్తి కాలేదు. నవ్వు ఆగాక మేడం బకెట్ చేతిలోకి తీసుకుని, నా వైపు చూడకుండా అడిగారు.

"అల్ ఖువైర్‌లో మీరు లోపలే ఉన్నారు కదా?"

"ఉన్న మేడం."

"నేనన్నది వినబడిందా?"

"వినబడ్డది."

బకెట్‌లో నీళ్ళు అటూ ఇటూ ఊగుతున్నాయి. శ్రావణం గురించి నవ్వింది నవ్వుగానే ఉంది, ఇది వేరే అని నాకు తెలిసింది. గొడుగు మడిచేశాను. ఎండ ఇద్దరి మీదా పడింది.

"శ్రావణం వట్టినందుకు గాదు మేడం. గది మల్ల వట్టుమన్నా వడ్త. మీరు నన్ను నమ్మి, అంతమంది ముందట తప్పు మీ మీద ఏసుకుంటుంటె, నేను ఎనక కుర్సీల కూసోని సూసుకుంట ఊకున్న. ఆయన నన్ను అన్న మాట నిజమని తెలిసి కూడ ఊకున్న. మీ చేతులు మీరే నమ్మకుంటయిందాక ఊకున్న. గదీ నా తప్పు. నన్ను క్షమించుండ్రి."